గండికోట లోయను నేల మీది నుంచి, డ్రోనుతో ఫొటో తీయడం: సమగ్ర మార్గదర్శి

గండికోట చూసి వచ్చినవారి ఫోన్లు తెరిస్తే దాదాపు ఒకే ఫొటో కనిపిస్తుంది: మధ్యలో సన్నగా పెన్నేరు, రెండు పక్కలా ఎర్రబండల గోడలు, పైన తెల్లగా పాలిపోయిన ఆకాశం. అంచున నిలబడినప్పుడు కాళ్లు వణికించిన లోతు ఆ ఫొటోలోకి రాదు. మంచి కెమెరా కొన్నవారికీ, డ్రోను ఎగరేసినవారికీ ఇదే అనుభవం ఎదురవుతుంది. లోతును ప్రధానంగా చూపించేది వెలుగునీడల తేడా కాబట్టి, ఎండ ఏ వేళకు ఏ గోడ మీద ఏ వాలుగా పడుతుందో ముందే లెక్క కట్టుకుని, దాన్ని బట్టి నిలబడే చోటునూ కెమెరా ఎత్తునూ నిర్ణయించుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. ఉదాహరణ కడప జిల్లా గండికోటే అయినా, రాయలసీమలోని ఏ కొండకైనా, ఏ గుండ్ల గుట్టకైనా ఇదే వర్తిస్తుంది.

చోటును చదవడం

గండికోట జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండలను పెన్నేరు కోసుకుపోయిన చోట ఉంది. కోట నదికి కుడి గట్టున ఉంది. నది ఇక్కడ వంకరలు తిరిగినా మొత్తం మీద పడమటి నుంచి తూర్పుకు పారుతుంది కాబట్టి, కోట వైపు అంచున నిలబడిన మనిషికి ఎదుట కనిపించేది ఉత్తరపు గోడ. ఆ గోడ ముఖం దక్షిణానికి తిరిగి ఉంటుంది. ఫొటో తీసేవారు అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

ఈ బండలను గ్రానైటు అని చాలామంది రాస్తుంటారు. ఇవి కడప బేసిన్‌లోని చిత్రావతి సమూహానికి చెందిన క్వార్ట్‌జైట్ శిలలు. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ పొరకు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరే పెట్టారు. వంద కోట్ల ఏళ్ల కంటే ముందు నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి కావడం వల్ల, గోడ పొడవునా అడ్డంగా పొరలు కనిపిస్తాయి. వాటిని నిలువు పగుళ్లు కోయడంతో బండలు ఇటుకలు పేర్చినట్టు దిమ్మెలుగా విడిపోయి ఉంటాయి. ఫొటోకు ఇది చాలా ముఖ్యం. ఎండ పక్క నుంచి పడినప్పుడు ప్రతి నిలువు పగులూ ఒక నల్లని గీత అవుతుంది, పైనుంచి పడినప్పుడు ప్రతి అడ్డపొర కిందా సన్నని నీడ గీసినట్టు ఏర్పడుతుంది, మన వెనుక నుంచి నేరుగా పడితే రెండూ మాయమై గోడ అట్టముక్కలా కనిపిస్తుంది.

వెళ్లిన మొదటి సాయంత్రం కెమెరా సంచి విప్పకుండా అంచు వెంట నడిచి చూడడం మంచిది. మేకలు కాసేవారు ఎదురైతే తప్పకుండా మాట్లాడాలి. ‘వాన పడితే నీళ్లు ఎక్కడ దిగుతాయి పెద్దాయనా?’ అని అడిగితే, ఏ వంకలో జారుతుందో, ఏ బండ ఊగుతుందో, ఏ మూల నుంచి నది మలుపు కనిపిస్తుందో ఏ మ్యాపులోనూ దొరకని వివరంతో చెబుతారు.

కాలం, వేళ

గండికోట సుమారు 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు డిసెంబరు చివర 6.40 ప్రాంతంలో, తూర్పుకు బాగా దక్షిణంగా జరిగి ఉదయిస్తాడు. రోజంతా దక్షిణాకాశంలోనే ఉండి నైరుతి వైపు అస్తమిస్తాడు. అందువల్ల నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, దక్షిణానికి ముఖం తిప్పిన ఎదుటి గోడ మీద ఉదయమంతా కుడి నుంచీ, సాయంత్రమంతా ఎడమ నుంచీ ఏటవాలు ఎండ పడుతుంది. కోట వైపు నుంచి ఫొటో తీయడానికి ఇంతకంటే అనుకూలమైన కాలం లేదు.

వేసవి సంగతి పూర్తిగా వేరు. మే మొదటి రోజుల నుంచి ఆగస్టు రెండో వారం దాకా సూర్యుడు మధ్యాహ్నం కూడా మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. జూన్‌లో తెల్లవారుజామున 5.45కే పొద్దు పొడిచినా, ఈశాన్యం నుంచి వచ్చే ఆ వెలుతురు ఎదుటి గోడ వెనుకే పడుతుంది. నది మలుపు తిరిగిన చోట్లు తప్పిస్తే గోడ ముఖమంతా నీడలో ఉంటుంది. మేలో సెలవులకు వెళ్లి, ‘పొద్దున్నే లేచి తీసినా మసకగా వచ్చింది’ అని బాధపడేవారికి కారణం ఇదే. అయితే ఆ నెలల్లో ఎండ పడేది మన కాళ్ల కింద ఉన్న కోట వైపు గోడ మీద. దాన్ని అంచు మీద నుంచి చూడలేము, డ్రోను చూడగలదు. చలికాలం నేల మీది ఫొటోకు, వేసవి ఉదయం డ్రోను ఫొటోకు అని స్థూలంగా విభజించుకుంటే సగం శ్రమ తగ్గుతుంది.

సెప్టెంబరు నుంచి నవంబరు వరకు వానల తర్వాత గట్ల మీద పచ్చదనం వస్తుంది, గాలిలో దుమ్ము కడుక్కుపోయి దూరం స్పష్టంగా కనిపిస్తుంది, మేఘాల నీడలు గోడల మీద పాకుతుంటాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైన కాలం ఇదే. నది మీద జలాశయాలు ఉన్నందున లోయలో నీటిమట్టం ఏడాదికీ ఏడాదికీ మారుతుంటుంది. వెళ్లే వారంలో జమ్మలమడుగు వైపు తెలిసినవారెవరినైనా అడిగి బయలుదేరడం మేలు.

సామగ్రి

దీని గురించి ఎక్కువ చెప్పడం అనవసరం. 24 నుంచి 70 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు ఒకటి, వీలైతే 70 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి, బరువైన ట్రైపాడ్, సర్క్యులర్ పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టరు), తలకు కట్టుకునే టార్చి, మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, మడమ పట్టు ఉన్న బూట్లు చాలు. లోయ అనగానే అందరూ వైడ్ లెన్సు కోసం వెతుకుతారు. నా అభిప్రాయంలో ఇక్కడ ఎక్కువ పనికొచ్చేది పొడవు లెన్సే. వైడ్ లెన్సు ఎదుటి గోడను దూరంగా నెట్టి చిన్నది చేస్తుంది, 100 మిల్లీమీటర్ల దగ్గర గోడలు ఒకదాని వెనుక ఒకటి దగ్గరకు జరిగి నిలబడతాయి.

అంచు మీద నిలబడడం

ప్రధాన వ్యూపాయింట్ వద్ద కంచె ఆధారం ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. అంచున ఉన్న పలకలు గట్టిగా కనిపించినా కొన్ని కింద ఖాళీగా ఉంటాయి. అడుగు వేసే ముందు కాలితో నొక్కి చూడాలి. పలక ఏ కొంచెం కదిలినా, నొక్కినప్పుడు డొల్ల చప్పుడు వచ్చినా వెనక్కి రావాలి. ట్రైపాడ్‌ను అంచుకు కనీసం రెండు మీటర్లు లోపల పెట్టుకుని, మూడు కాళ్లలో ఒకదాన్ని లోయ వైపు, రెండింటిని మన వైపు ఉంచాలి. వ్యూఫైండర్‌లో చూస్తూ పక్కకు జరగడమనే అలవాటు ఇక్కడ ప్రాణాంతకం. చోటు మార్చాలనుకుంటే ముందు కెమెరా నుంచి కన్ను తీయాలి, తర్వాతే కాలు కదపాలి. పొద్దు పొడవక ముందే చేరుకోవలసి ఉంటుంది కాబట్టి ముందు రోజు వెలుతురులో దారి నడిచి చూసుకోవడం, రాత్రి తడిసిన బండలను అసలే నమ్మకపోవడం అవసరం. వెంట మరో మనిషి ఉండాలి.

నేల మీది ఫొటో

జనవరి ఉదయాన్నే ఒక ఫ్రేమును ఎలా కట్టాలో చూద్దాం. సుమారు 7.15కు ఎండ ఆగ్నేయం వైపు నుంచి వాలుగా వస్తుంటుంది. కోట వైపు అంచున ఈశాన్యానికి తిరిగి నిలబడితే ఎదుటి గోడ పగుళ్లన్నీ కుడి వైపు వెలిగి, ఎడమ వైపు నల్లగా తేలతాయి. మన వైపు గోడ, నదిలో సగం నీడలోనే ఉంటాయి. ముందుభాగంలో ఎండ తగిలిన ఒక పగిలిన దిమ్మెను ఉంచి, దాని గీత నది మలుపు వైపు చూపేలా కెమెరాను మోకాలి ఎత్తుకు దించాలి. మనిషి ఎత్తున పెడితే ఆ దిమ్మెకూ గోడకూ మధ్య ఖాళీ బండ పరచుకుని ఫొటో రెండు ముక్కలవుతుంది. మరీ నేలకు దించితే దిమ్మె నదిని కప్పేస్తుంది. మోకాలి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా జరుపుతూ, దిమ్మె పైఅంచుకూ నీటి అంచుకూ మధ్య సన్నని సందు కనిపించేవరకు వెతకాలి. లోతు ఆ సందులోనే కనిపిస్తుంది.

ఇప్పుడు సెట్టింగులు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 24 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/8 (లెన్సు రంధ్రం ఎంత తెరిచి ఉందో చెప్పే అంకె; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెట్టి, సుమారు 2.4 మీటర్ల దూరంలో ఉన్న బండ మీద ఫోకస్ చేస్తే, 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా తగినంత స్పష్టంగా వస్తుంది. ఎఫ్/16 దాటి మూసేయడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదరడం వల్ల, బండల గరుకు మెత్తబడుతుంది. ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, రా ఫార్మాట్ (సెన్సర్ పట్టిన సమాచారాన్నంతా దాచే ఫైలు), రెండు సెకన్ల టైమర్ ఉంచాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని స్టెబిలైజేషన్ ఆపేయడం మంచి అలవాటు.

ఎర్రబండలతో ఒక చిక్కు ఉంది. ఉదయపు ఎండలో ఎరుపు చానెల్ మిగతా రెండింటికంటే ముందే నిండిపోతుంది. కెమెరా చూపే మామూలు తెల్ల హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంత పంచుకుందో చూపే గ్రాఫు) సరిగ్గానే కనిపిస్తున్నా, ఎరుపులో వివరం పోయి గోడ మీద నారింజ మరకలు మిగులుతాయి. అందుకే మూడు రంగుల హిస్టోగ్రామ్ చూసి, ఎరుపు గ్రాఫు కుడి అంచును తాకుతుంటే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించాలి (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). నీడ మరీ నల్లగా ఉంటే రెండు స్టాపుల తేడాతో మూడు ఎక్స్‌పోజర్లు తీసుకుని తర్వాత కలపవచ్చు. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును సరిచేసే సెట్టింగు) ఆటోలో ఉంటే కెమెరా ఆ ఎరుపును తప్పుగా భావించి చల్లార్చేస్తుంది. డేలైట్ మీద స్థిరపరచాలి.

పోలరైజర్ ఎండకు సుమారు 90 డిగ్రీల దిశలో చూస్తున్నప్పుడు ఆకాశాన్ని బాగా ముదురు చేస్తుంది. సరైన కోణంలో తిప్పితే నీటి మీద తళుకునూ నునుపైన బండల మీద తెల్లని మెరుపునూ కూడా తగ్గిస్తుంది. వైడ్ లెన్సుతో వాడితే ఆకాశంలో ఒక పక్క ముదురు నీలం, మరో పక్క తెలుపు ఏర్పడుతుంది కాబట్టి, 35 మిల్లీమీటర్ల కంటే వెడల్పుగా తీసేటప్పుడు ఆకాశాన్ని తగ్గించాలి లేదా ఫిల్టరును తీసేయాలి. వెడల్పు కావాలంటే కెమెరాను నిలువుగా పెట్టి, 50 మిల్లీమీటర్ల దగ్గర, ప్రతి ఫొటో పక్కదానితో మూడో వంతు కలిసేలా పనోరమా తీయడం మేలు.

కొలత చూపడానికి మనిషి ఉండాలి. అయితే అంచున కాళ్లు వేలాడదీసి కూర్చోబెట్టే ఫొటోలు తీయవద్దని గట్టిగా చెప్పాలి. అంచుకు బాగా లోపల, దూరపు బండ మీద నిలబడిన మనిషిని పొడవు లెన్సుతో తీస్తే అదే లోతు వస్తుంది, ఎవరి ప్రాణమూ పణంగా పెట్టనక్కరలేదు.

డ్రోనుకు ముందు చూసుకోవలసిన అనుమతులు

మన దేశంలో డ్రోన్ రూల్స్ 2021 అమల్లో ఉన్నాయి. 250 గ్రాముల వరకు ఉన్నది నానో, అది దాటి 2 కిలోల వరకు ఉన్నది మైక్రో. నానోకూ, డబ్బు సంపాదనకు కాని మైక్రో వాడకానికీ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. పెళ్లిళ్లకో, ప్రకటనలకో డబ్బు తీసుకుని మైక్రో డ్రోను ఎగరేస్తే కావాలి. అధికారిక మ్యాపులో పచ్చగా చూపే గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, అంటే సుమారు 120 మీటర్ల దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరవచ్చు. పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులకు తగ్గుతుంది. జోన్లు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే రోజు అధికారిక మ్యాపు చూడాల్సిందే.

మ్యాపు పచ్చగా ఉంటే చాలనుకోవడం పొరపాటు. గండికోటలోని కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి; ఆ ఆవరణలో, దాని మీదుగా డ్రోను ఎగరేయాలంటే ఆ శాఖ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. జుమ్మా మసీదు, రంగనాథస్వామి ఆలయం, ధాన్యాగారం పైనుంచి ఎలా ఉంటాయో చూడాలన్న కుతూహలం సహజమే, కానీ కాగితం లేకుండా ఆ పని చేయకూడదు. ఆనకట్టలకు దూరంగా ఉండాలి. నల్లమల వైపు, లంకమల వైపు వెళితే అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. కర్నూలు జిల్లా ఓర్వకల్లు రాతి వనం మీద డ్రోను ఆలోచన వచ్చినవారు, ఆ మండలంలోనే 2021లో విమానాశ్రయం మొదలైందని మరవకూడదు. అక్కడ గుండ్ల మధ్య నీటి మడుగులను నేల మీది నుంచి తీసుకోవడమే సరైన దారి.

ఎగరేయడం

కోట గోడలకు దూరంగా, అనుమతి ఉన్న చదును బండ మీద ల్యాండింగ్ ప్యాడ్ పరచాలి. ఎర్రదుమ్ము మోటార్లలోకి పోకుండా ఆపేది అదే. జీపీఎస్ ఉపగ్రహాలు కుదిరి, హోమ్ పాయింట్ నమోదైందని తెరమీద కనిపించాకే పైకి లేపాలి. మొదటి నిమిషం తల ఎత్తున నిలిపి గాలి చూడాలి. పొద్దెక్కేకొద్దీ వేడెక్కిన గోడ వెంట గాలి పైకి లేస్తుంది. అంచు దాటగానే డ్రోను ఒక్కసారిగా ఎగదన్నబడవచ్చు. పొద్దు పొడిచాక గంట, గంటన్నర వరకే పని ముగించుకోవడం క్షేమం. గద్దలు చుట్టూ తిరగడం మొదలుపెడితే వాదించకుండా దించేయాలి.

లోయలో డ్రోనుకు సంబంధించిన మూడు సంగతులు మామూలు మైదానంలో ఎదురుకావు. మొదటిది ఎత్తు లెక్క. తెర మీద కనిపించే ఎత్తు మీరు ఎగరేసిన చోటు నుంచి కొలిచినది. లోయ వంద మీటర్ల లోతు ఉందనుకుంటే, అంచు నుంచి 60 మీటర్లు పైకి లేపి నది మీదికి పంపిన డ్రోను నీటి నుంచి 160 మీటర్ల ఎత్తున ఉంటుంది. 120 మీటర్ల పరిమితి దాటిపోయినట్టే. రెండోది సిగ్నల్. డ్రోను అంచు కన్నా కిందికి దిగి మీ కంటికి కనిపించకుండా పోతే, బండ అడ్డుపడి సంబంధం తెగుతుంది. చూపు ఆనే మేర దాటకూడదన్న నిబంధన ఇక్కడ చట్టం కోసమే కాదు, డ్రోను దక్కడం కోసం కూడా. మూడోది రిటర్న్ టు హోమ్, అంటే డ్రోను తనంతట తానే బయలుదేరిన చోటుకు తిరిగివచ్చే ఏర్పాటు. ఇది పనిచేసినప్పుడు చాలా డ్రోనులు ముందు నిలువుగా పైకి లేచి, తర్వాత ఇంటిదారి పడతాయి. ముందుకు పొడుచుకొచ్చిన బండ కింద ఉన్న డ్రోను నేరుగా ఆ బండకే తగులుతుంది. అందువల్ల గోడలకు కనీసం 20 మీటర్ల దూరం పాటిస్తూ, బండ కిందికి ఎన్నడూ వెళ్లకుండా, తిరిగివచ్చే ఎత్తును చుట్టుపక్కల చెట్లూ బురుజులూ దాటేలా ముందే పెట్టుకోవాలి. నీటికి దగ్గరగా దించితే అడుగున ఉండే సెన్సర్లు కదిలే నీటిని చూసి తికమకపడతాయి. బ్యాటరీ 40 శాతానికి చేరగానే వెనక్కి తిప్పాలి, ఎదురుగాలి ఉంటే ఇంకా ముందే.

ఇక ఫొటో. డ్రోను ఉంది కదా అని గరిష్ఠ ఎత్తుకు పంపడమే అందరూ చేసే పని, లోయ చచ్చిపోయేదీ అక్కడే. పైకి పోయేకొద్దీ గోడలు పొట్టివై, చివరికి మ్యాపులో గీత మాత్రమే మిగులుతుంది. అంచుకు ఐదు నుంచి పదిహేను మీటర్ల ఎత్తులోనే ఉండి, నది మధ్యకు జరిగి, కెమెరాను 15 నుంచి 25 డిగ్రీల మేర కిందికి వంచి లోయ పొడవునా చూస్తే రెండు గోడలూ చట్రంలోకి వస్తాయి. వేసవి ఉదయం అక్కడి నుంచే కోట వైపు గోడను ఏటవాలు ఎండలో పట్టుకోవచ్చు. నేల మీద నిలబడిన ఏ కెమెరాకూ ఆ దృశ్యం దొరకదు. నేరుగా కిందికి చూసే కోణం నది మలుపుకూ, గట్టు మీద పగుళ్ల అల్లికకూ పనికొస్తుంది, అదీ నీడలు పొడవుగా ఉన్న వేళే.

వీడియోకు సెకనుకు 25 ఫ్రేములు పెడితే షట్టర్ 1/50 దగ్గర ఉంటే కదలిక సహజంగా ఉంటుంది. ఎఫ్/2.8 లెన్సుతో, ఐఎస్ఓ 100 దగ్గర, నిండు ఎండలో షట్టర్ సుమారు 1/3200 అడుగుతుంది. దాన్ని 1/50కు తేవాలంటే ఆరు స్టాపులు తగ్గాలి, అంటే ఎన్‌డీ 64 ఫిల్టర్ (వెలుతురును 64వ వంతుకు తగ్గించే ముదురు అద్దం) కావాలి. ఉదయం 1/800 చూపిస్తే ఎన్‌డీ 16 చాలు. ఫొటోలకు ఈ ఫిల్టర్లు తీసేయడమే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చిన్న డ్రోనుల్లో చాలావాటికి తయారీదారులు చెప్పే హద్దు కూడా అదే. బ్యాటరీలను కారులో వదలకుండా నీడలో ఉంచాలి. ఎండలో ఫోను తెర మసకబారి దానంతటదే ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది, దానికి ఒక చిన్న గొడుగు పట్టే మనిషి ఉంటే చాలు.

ఇంటికొచ్చాక

ముందు కార్డులను రెండు చోట్ల కాపీ చేయాలి. దిద్దేటప్పుడు మొత్తం రంగు పెంచే స్లయిడర్ జోలికి పోకుండా, నీడలను కొద్దిగా తేల్చి, ఎరుపు, నారింజ రంగుల వెలుగును విడిగా సర్దాలి. మంచు తెరను తొలగించే డీహేజ్ స్లయిడర్‌ను అతిగా వాడితే దూరపు గోడ దగ్గరి గోడంత ముదురై, కష్టపడి తెచ్చిన లోతు పోతుంది; దూరపు కొండకు ఆ పలచని పొగమంచు రంగు ఉండనివ్వాలి. డ్రోను ఫొటోనూ నేల మీది ఫొటోనూ పక్కపక్కన పెట్టాలనుకుంటే రెండింటి వైట్ బ్యాలెన్స్ ఒకే అంకెకు తెచ్చి మొదలుపెట్టాలి, ఎందుకంటే రెండు సెన్సర్లు ఒకే బండను రెండు ఎరుపులుగా చూస్తాయి.

అచ్చు వేయించాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 24 మెగాపిక్సెళ్ల ఫొటో సుమారు 20 అంగుళాల వెడల్పుకు, 12 మెగాపిక్సెళ్ల డ్రోను ఫొటో 13 అంగుళాలకు సరిపోతుంది. దూరం నుంచి చూసే గోడ పటానికి ఇంకా పెంచవచ్చు. ల్యాబుకు ఇచ్చే ముందు, గోడ మీద అన్నిటికంటే ఎర్రగా ఉన్న భాగాన్ని చిన్న ముక్కగా కత్తిరించి, మ్యాట్ కాగితం మీద పరీక్షగా అచ్చు వేయించి చూసుకోవాలి. తెర మీద మెరిసిన ఎరుపు కాగితం మీద ఇటుక పొడిలా వస్తే, పూర్తి సైజుకు డబ్బు కట్టే ముందే ఆ రంగును రెండు మూడు మెట్లు వెనక్కి తగ్గించుకోవచ్చు.